బైండరు గారి ఉత్తమ గాత్రం

మౌఖిక కళల పరిరక్షణ శాఖ వారు ఈ ఏటి ‘ఉత్తమ గాత్రం’ పురస్కారాన్ని, పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాటైనా పలకని బైండరుకి ఇచ్చారు. ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. దరఖాస్తు అందింది, తనిఖీ జరిగింది, నిపుణుల సంఘం విన్నది, సంతకాలు పడ్డాయి. అన్నీ నిబంధనల ప్రకారం జరిగిన పనిని చూసి నోరెళ్లబెట్టడం చదువుకున్నవాళ్లకి తగదు. అయినా ఎలా జరిగిందో తెలుసుకోవాలని ఉబలాటపడేవారు కొందరుంటారు కనుక మొదటినించీ చెబుతాను.

బైండరు పుట్టు చెవిటి. ముప్ఫై ఎనిమిదేళ్లు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఫారాలు మడిచి, కుట్టి, జిగురు పూసి, అట్టలు వేసి రిటైరయ్యాడు. ఆ రోజుల్లో ప్రెస్సు యజమానులు చెవిటివాళ్లని వెతికి మరీ పనిలో పెట్టుకునేవారు. యంత్రాల రొద వీళ్లనేం చెయ్యదు, పైగా పనివేళల్లో ముచ్చట్లు పెట్టుకోరు అని వాళ్ల నమ్మకం. మొదటిది నిజమే. రెండోది పచ్చి అబద్ధం. ఆ రొదలో చెవులున్నవాళ్లందరూ గొంతులు చించుకుని, విసిగి, చివరికి నోళ్లు మూసుకుంటే, వినబడని నలుగురు మాత్రం హాలు ఈ చివరినించి ఆ చివరికి రోజంతా కబుర్లాడుకునేవారు. యజమాని అద్దాల గదిలోంచి చూసి, పాపం చేతులు నొప్పెట్టి విదిలించుకుంటున్నారని జాలిపడేవాడు.

వాళ్లలో వాళ్లు ఎవరినీ కాగితం మీది పేరుతో పిలుచుకోరు. మనిషిని నాలుగు రోజులు చూసి, కొట్టొచ్చినట్టు కనబడేదేదో దాన్నే పేరుగా పెట్టేస్తారు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఎండిన జిగురు రాల్చుతున్నట్టు రుద్దితే బైండరు. పెదవుల మధ్య సూది పెట్టుకున్నట్టు చూపిస్తే టైలరమ్మ. నాకీ పేరు నచ్చలేదు, మార్చండి అంటే కుదరదు. దానిమీద అప్పీలు లేదు.

ప్రెస్సు మూతపడ్డాక కింది హాలు గోడౌనయింది. మేడ మీది గది మాత్రం వీళ్లకి మిగిలింది. చెక్క నేల. ఎవరినైనా పిలవాలంటే కాలితో ఒక్క తన్ను తన్నితే చాలు, ఆ అదురు గదిలో అందరి అరికాళ్లకీ అందుతుంది. పడమటి వైపు పెద్ద కిటికీ. ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి అందులోంచి ఎండ వచ్చి సరిగ్గా ఏడో చెక్క మీద పడుతుంది. కథ చెప్పేవాడు ఆ చెక్క మీద నిలబడతాడు. చేతులూ మొహమూ వెలుగులో ఉంటే, ఎదురుగా ఊళ్లోని చెవిటివాళ్లు ముప్ఫై మంది గోడలకి ఆనుకుని కూర్చుని చూస్తారు.

అక్కడ చెప్పే కథ ఒక్కటే. దాని పేరు పెద్ద కథ. బైండరుకి దాన్ని అప్పగించినవాడు ప్రెస్సులో అక్షరాలు కూర్చిన ముసలి కంపోజిటరు. ఆయనకి ఇంకెవరో, ఆ ఇంకెవరికో మరింకెవరో. కాగితం మీద ఎక్కడా లేదు. దానికో కట్టుబాటుంది. అందుకున్నవాడు కథలోంచి ఎవరినీ తీసెయ్యకూడదు, తాను కళ్లారా చూసిన తెలివితక్కువ మనుషుల్ని కావలిస్తే చివర్లో చేర్చుకోవచ్చు. అప్పగింత అందరి ఎదుటా జరగాలి. ఒక్క వేలు వంకరపోయినా ముప్ఫై మందీ నేల తన్ని ఆపేస్తారు. బైండరుకి డెబ్భై దాటాయి. ఆయన దగ్గర టైలరమ్మ సగం దాకా అందుకుంది, మిగతా సగం ఉంది.

సరిగ్గా అప్పుడు పురపాలక కార్యాలయం వారికి ఆ గది తమదని గుర్తొచ్చింది. దాన్ని ఉపన్యాస కళా శిక్షణ కేంద్రంగా మార్చదలచారు. న్యాయంగా, అభ్యంతరాలుంటే చెప్పుకోమని మూడు రోజులపాటు ఆ కిటికీ కిందే మైకు కట్టిన వ్యాను నిలబెట్టి చాటించారు. మేడ మీదినించి ఒక్కరూ పలకలేదు. ‘అభ్యంతరాలేవీ వినబడలేదు’ అని ఫైల్లో రాసుకుని, తలుపుకి నోటీసు అంటించి వెళ్లారు.

బైండరు ఆ నోటీసు రెండుసార్లు చదివాడు. గది పోతే కథ పోతుంది. ఇంట్లో చెప్పుకోవచ్చు కదా అన్నారు ఇరుగుపొరుగు. ఆయన ఉండేది మేనకోడలింట్లో, రెండు గదులు. ముప్ఫై మంది చేతులు చాచి మాట్లాడుకుంటే ఒకరి కన్ను ఒకరు పొడుచుకోవాలి.

మేనకోడలికి చెవులు బాగానే పనిచేస్తాయి. ఫోన్లో జనం ఫిర్యాదులు వినడమే ఆమె ఉద్యోగం, కాబట్టి చెవులుండడం ఏమంత గొప్ప సుఖం కాదని ఆమెకి తెలుసు. నోటీసు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న మినహాయింపుని ఆమే పట్టుకుంది. గుర్తింపు పొందిన కథాకళ ఏదైనా ఆ గదిలో సాగుతూ ఉంటే ఖాళీ చెయ్యనక్కర్లేదు. గుర్తింపు ఇచ్చేది మౌఖిక కళల పరిరక్షణ శాఖ. మేనమామా మేనకోడలూ దరఖాస్తు తెచ్చుకుని కూర్చున్నారు.

దరఖాస్తులో తొమ్మిదో గడి ‘గాత్ర స్వభావం: మధురం, గంభీరం, సామాన్యం. వర్తించనివి కొట్టివేయవలెను.’ మేనకోడలు మూడూ కొట్టేసింది. మూడూ కొట్టివేసినందున కళాకారుడు ఎలాంటివాడో తెలియడం లేదని వెనక్కొచ్చింది. రెండోసారి ‘గంభీరం’ వదిలిపెట్టింది. అది తేలిగ్గా ఆమోదం పొందింది. తరవాత గొంతు డాక్టరు దగ్గర ధ్రువపత్రం తెమ్మన్నారు. డాక్టరు టార్చి వేసి చూసి, లోపమేమీ లేదనీ, ఈ వయసులో ఇంత అరగని గొంతుని తానెన్నడూ చూడలేదనీ మెచ్చుకుని రాసిచ్చాడు. ఈలోగా శాఖ వారు ‘చెవిటి’ అన్న మాట అగౌరవమని ‘బధిర’ అనీ, అది కూడా నొప్పిస్తుందని ‘శ్రవణ విలక్షణ’ అనీ రెండు సర్క్యులర్లు పంపడంతో దరఖాస్తు రెండుసార్లు తిరగరాయాల్సి వచ్చింది. గది నోటీసు మాత్రం మారలేదు.

తనిఖీకి డైరెక్టరు గారే స్వయంగా వచ్చారు. ఆయన ఎక్కడ మైకు కనబడినా చూపుడువేలితో రెండుసార్లు తట్టి చూస్తారు. గదిలో అడుగుపెట్టిన నిమిషంలోనే తాము తెచ్చిన మైకుని అలా తట్టారు. ఇంకేముంది, ముప్ఫై మందీ ఒకరినొకరు చూసుకుని, పిడికిలి నోటి ముందు పట్టి వేలితో రెండుసార్లు తట్టారు. ఆయనకి పేరు పడిపోయింది. అది తనకి వందనమనుకుని ఆయన కూడా పిడికిలి తట్టి, గది నలుమూలలకీ తిరిగి అందరినీ సంతోషపెట్టారు.

కెమెరా ఏదని మేనకోడలు అడిగింది. డైరెక్టరు గారు ఓపిగ్గా విడమరచి చెప్పారు.

“చూడమ్మా, కెమెరాతో తీశామంటే అది దృశ్య కళల శాఖ కిందికి పోతుంది. వాళ్లు మీ మావయ్యని బొమ్మలు వేస్తారా అని అడుగుతారు. మాకు కావలసింది కథ. కథంటే వినేది.”

పోనీ ఆయన చేతులతో చెబుతుంటే పక్కన కూర్చుని నోటితో నేను చెబుతానంది ఆమె. బినామీ గాత్రాలని అనుమతించేది లేదన్నారాయన.

రికార్డింగు మొదలైంది. బైండరు ఏడో చెక్క ఎక్కాడు. మూడో నిమిషంలో అందరూ విరగబడి నవ్వారు, నేల తన్నారు, ఒకడు బల్ల గుద్దాడు. వినబడనివాళ్లు నవ్వుని కొలిచి నవ్వరు కదా, కిటికీ అద్దాలు గలగలలాడాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న సౌండు ఇంజనీరు అదిరిపడి వాటిని ఊడబీక్కున్నాడు. చెవిటివాళ్ల గోల వల్ల నిశ్శబ్దం సరిగా రికార్డు కావడం లేదని ఒక ప్రభుత్వోద్యోగి రాతపూర్వకంగా నమోదు చేయడం అదే మొదలు. నవ్వకుండా, కదలకుండా కూర్చోమని అందరికీ చెప్పించి మళ్లీ మొదలెట్టారు.

ఎదుట మొహాలు బిగుసుకుంటే కథకుడి చేతులు బిగుసుకుంటాయి. అయినా గది కోసం బైండరు చెప్పుకుపోయాడు. ముప్ఫై ఏడుగురో ముప్ఫై ఎనిమిదిమందో మనుషులు వరసగా ఆయన వేళ్ల మీదికి వచ్చి, తమ తెలివితక్కువ పని తాము చేసుకుని వెళ్లిపోయారు. డైరెక్టరు గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని సరిగ్గా ఆయన ఎదురుగానే కూర్చున్నారు. ఏకాగ్రత కోసం కళ్లు మూసుకున్నారు. ముప్ఫై రెండు నిమిషాలూ తెరవలేదు. చివర్లో తెరిస్తే ఆ కళ్లు చెమర్చి ఉన్నాయి. కథ వినడానికి వచ్చి చూపు తిప్పుకున్నవాళ్లని బైండరు చాలామందిని ఎరుగును. కళ్లు గట్టిగా మూసుకుని పరవశించినవాడిని మాత్రం చూడలేదు.

నిపుణుల సంఘంలో ముగ్గురు. ఒక ప్రొఫెసరు, ఒక రిటైరయిన రేడియో అనౌన్సరు, ఇంకొకరు ఎందుకున్నారో ఆయనకే తెలియదు. టేపుని మూడుసార్లు విన్నారు. పదకొండో నిమిషంలో కుర్చీ కిర్రుమన్న చోట కథ మలుపు తిరిగిందని ప్రొఫెసరు గుర్తించారు. పంతొమ్మిదో నిమిషంలో వినబడ్డ బస్సు హారను కథానాయకుడి వేదనకి పరాకాష్ఠ అని పద్దెనిమిది పేజీల వ్యాసం రాశారు. ముప్ఫై రెండు నిమిషాల్లో ఒక్క ఉచ్చారణ దోషం దొర్లకపోవడం తన సర్వీసులో ఎరగనన్నారు అనౌన్సరు. మూడో ఆయన మాత్రం రెండో సగం కొంచెం సాగదీసినట్టుందనీ, నాలుగు నిమిషాలు కోస్తే బిగువొస్తుందనీ అసమ్మతి తెలిపారు. గుర్తింపు మాట తరవాత చూద్దామని, మెజారిటీ ప్రకారం ముందు పురస్కారం ఖాయం చేశారు.

సభ ఘనంగా జరిగింది. ముందు వరసలు వినదలచినవారికి కేటాయించారు. బైండరు తాలూకు ముప్ఫై మందికి వెనక స్తంభాల దగ్గర చోటు చూపించారు, వాళ్లకి ఎక్కడైనా ఒకటే కదా అని. మేనకోడలికి వేదిక ఎక్కే పాసు లేదు. ఆమెని బంధువుల జాబితాలో వేశారు, బంధువులు బాల్కనీ. తరవాత వాతావరణం కుదరడం కోసం హాల్లో దీపాలన్నీ ఆర్పేసి, వెలుగంతా డైరెక్టరు గారి మీద వేశారు. బైండరు పక్కనే చీకట్లో కూర్చుని, ఆయన పెదవులు ఆడడం చూస్తూ, గది గురించి వేదిక మీద తాను చెప్పాల్సిన నాలుగు మాటల్నీ ఒళ్లో చేతులు పెట్టుకుని వల్లె వేసుకున్నాడు. వారం రోజులుగా అదే పని. ఆ నాలుగు మాటల మీదే ఆశంతా పెట్టుకున్నాడు.

“నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు,” అన్నారు డైరెక్టరు గారు మైకు రెండుసార్లు తట్టి. “ఈ మహానుభావుడి నోరు ఎంత మంచిదంటే, ఇంతవరకూ అందులోంచి ఒక్క చెడ్డ మాట రాలేదు. నోరులేనివాళ్లకి నోరు కావాలని మా శాఖ ఏళ్ల తరబడి తపిస్తోంది. కింది ఉద్యోగులకి ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఇన్నాళ్లకి ఫలించింది.”

చప్పట్లు కొట్టకండి, వీరి పద్ధతిలో రెండు చేతులూ ఎత్తి ఊపండి అని కూడా ఆయన కోరారు. ఆ కటిక చీకట్లో ఆరువందల మంది చేతులు ఎత్తి ఊపారు. ఎవరికీ కనబడలేదు, వినబడలేదు. స్పందన అంతంత మాత్రమని మర్నాడు ఒక పేపరు రాసింది.

అప్పుడు బైండరుని వెలుగులోకి పిలిచారు. కుడిచేతికి పెద్ద పూలగుత్తి ఇచ్చారు. ఎడమచేతికి కంచుతో పోతపోసిన మైకు ఇచ్చారు, అది పసిపిల్లంత బరువుంది. అద్దం కట్టిన ప్రశంసాపత్రం చంకలో దోపారు. ఇక రెండు ముక్కలు మాట్లాడమన్నారు. బైండరు వాటిని పెట్టడానికి చుట్టూ చూశాడు. బల్ల లేదు. వంగి నేలమీద పెట్టబోయాడు. ఫొటోగ్రాఫర్లు ఎత్తండి ఎత్తండి అని కేకలేశారు. డైరెక్టరు గారు చొరవ తీసుకుని ఆయన రెండు మణికట్లూ పట్టుకుని పైకెత్తారు. గట్టిగా పట్టుకున్నారు, ఫొటోలు చాలా తీశారు. ఏడు పదులు దాటిన జీవితంలో బైండరు నోరు ఒకరు నొక్కడం అదే మొదలు. చెప్పాలనుకున్న నాలుగు మాటలూ ఆ పిడికిళ్లలో ఇరుక్కుపోయి, ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కింద ‘ఆనందబాష్పాలు’ అని వేశారు.

పురస్కారం ఇచ్చాక మర్యాద ఎక్కడికి పోతుంది, గుర్తింపూ వచ్చింది. గది నోటీసు రద్దయింది. రెండు రోజులు అందరూ కాళ్లు నేలమీద నిలవకుండా తిరిగారు. మూడో రోజు ఇంకో ఉత్తర్వు వచ్చింది. గుర్తింపు పొందిన కళకి నిలయమైన గది కనుక దాన్ని తన్నుల నుంచీ, జనం రద్దీ నుంచీ, ఎండ నుంచీ కాపాడవలసి ఉంది. కిటికీకి చెక్కలు కొట్టారు. తలుపుకి తాళం వేశారు. లోపల ఏడో చెక్క మీద ఒక స్పీకరు పెట్టి, ఆ ముప్ఫై రెండు నిమిషాల టేపు పగలంతా తిరిగి తిరిగి మోగేలా ఏర్పాటు చేశారు. బయట స్టూలు వేసి ఒక కాపలాదారుని కూర్చోబెట్టారు.

బైండరు బృందం రోడ్డుకి అవతల బస్టాపులోకి మారింది. అక్కడ వెలుగు చాలదు. కథ మంచి పట్టులో ఉండగా బస్సు వచ్చి అడ్డం నిలబడుతుంది, అది కదిలేసరికి పన్నెండు మాటలు పోయి ఉంటాయి. టైలరమ్మ వెనక్కి చెప్పమంటుంది, ఇంకో బస్సు వస్తుంది. బస్సు కిటికీల్లోంచి జనం ఒక్క క్షణం వీళ్ల చేతులకేసి చూసి, ముచ్చటపడి నవ్వి, మళ్లీ చేతిలో పుస్తకాల్లోకో ఫోన్లలోకో తలలు దించేసుకునేవారు. మూడు ఆదివారాల్లో కథ మూడు అడుగులు కూడా సాగలేదు. ఇంక తనతోనే పోతుందిలే అని మేనకోడలికి సైగ చేశాడు బైండరు. ఆమె మొహం తిప్పుకుంది.

కాపలాదారు స్టూలు మీంచి మూడు వారాలూ ఇదంతా చూశాడు. వీళ్లు దేనికి పడీపడీ నవ్వుతున్నారో అర్థంకాక అతనికి తిన్నది అరగలేదు. నాలుగో ఆదివారం రోడ్డు దాటి వచ్చి బైండరు ఎదుట నిలబడ్డాడు. సైగలు రావు. బైండరు చేతులవైపు వేలు చూపించి, కనుబొమలు ఎగరేసి, అరచెయ్యి వెల్లకిలా తిప్పాడు.

ఏమిటి కథ?

దరఖాస్తు మొదలు పురస్కారం దాకా ఆ ఫైలు మీద నలభై ఒక్కమంది సంతకాలు పెట్టారు. ఈ ప్రశ్న వేసినవాడు ఇతనొక్కడే. మేనకోడలు సాయం రాబోతే బైండరు వద్దని ఆపి, చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా మొదటి రెండు నిమిషాలూ చెప్పాడు. కాపలాదారుకి సగానికి పైగా తెలిసింది. పకపకా నవ్వి, తరవాతేమిటని ముందుకి వంగాడు. బస్సు వచ్చి అడ్డం నిలబడింది. అతను ఆ బస్సుని నోటికొచ్చినట్టు తిట్టి, జేబులోంచి తాళాలగుత్తి తీశాడు.

“నా డ్యూటీ కాగితంలో ఏడో నంబరు ఉందమ్మా,” అని మేనకోడలికి వివరించాడు. “వారానికోసారి గది తెరిచి దుమ్ము దులపాలి. ఎంతమంది దులపాలో రాయలేదు.”

అప్పటినించీ ప్రతి ఆదివారం నాలుగింటికి ముప్ఫై ఒక్కమంది దుమ్ము దులుపుతున్నారు. దుమ్ము కనబడాలంటే వెలుగుండాలి కనుక కిటికీ చెక్కలు తీస్తారు. నేల తన్నితే గానీ దుమ్ము లేవదు కనుక తన్నడం కూడా పనిలో భాగమే. ఒకసారి డైరెక్టరు గారు చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చారు. అందరూ పిడికిలి తట్టారు, ఆయనా తట్టారు. ఇంత శుభ్రమైన కళని తానెక్కడా చూడలేదని రిజిస్టరులో రాసి వెళ్లారు. టేపు ఆపే అధికారం ఎవరికీ లేదు కనుక దులపడం కోసం స్పీకరుని ఒక మూలకి జరిపినా అది తిరుగుతూనే ఉంటుంది. దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.

పెద్ద కథ మొత్తం టైలరమ్మకి అందింది. ఆఖరి వేలు కూడా తప్పకుండా చెప్పి ముగించిన రోజున బైండరు గోడకి ఆనుకుని కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, హాయిగా ఏడ్చాడు. ఆ మరుసటి వారం ఆమె చివర్లో ఒకరిని చేర్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని పరవశించే మనిషి. కాపలాదారు నవ్వలేక నేల మీద పడి దొర్లాడు. నిజంగానే చాలా దుమ్ము పోయింది.

డైరెక్టరు గారికీ నిపుణులకీ ఆ కథేమిటో అడగాలని తోచలేదు. సరే, వాళ్లు పనులున్నవాళ్లు. మీ సంగతేమిటి? మొదటి వాక్యం నించి ఇక్కడిదాకా తీరిగ్గా వచ్చారు. అక్కడక్కడా నవ్వుకున్నారు. ఎంత తెలివితక్కువ జనమో అని తల పంకించారు. ఆ ముప్ఫై రెండు నిమిషాల్లో ఉన్నదేమిటో నేను చెప్పలేదన్న సంగతి మీకు ఒక్కసారైనా తట్టిందా?

మొన్న ఆదివారం టైలరమ్మ ఇంకొకరిని చేర్చింది. కళ్లారా చూసినవాళ్లనే చేర్చాలన్న కట్టుబాటు ఆమె తప్పలేదు, బస్సు కిటికీల్లో చాలామందిని చూసింది. రెండు అరచేతులూ పుస్తకంలా విప్పుకుని, అందులోంచి ఒక్క క్షణం తలెత్తి ముచ్చటగా నవ్వి, మళ్లీ అందులోకే తల దించుకునే మనిషి. ముప్ఫై ఒక్కమందీ నేల తన్నారు. అది ఎవరని గదిలో ఒక్కరూ అడగలేదు.